కాలరు మీద పదకొండు అంకెలు

ఫిబ్రవరి 6

ఒరే సిరాబుడ్డీ,

బాగున్నావా అని అడగను. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు అడిగాను, నువ్వేం చెప్పావో ఒక్క ముక్క వినపడలేదు. ఇరవై రెండేళ్లు ఉతుకు మిషన్ల పక్కన నిలబడితే చెవులు మాత్రం ఎన్నాళ్లు ఓపిక పడతాయి? అందుకని ఇక నుంచి ఉత్తరాలే. నీకు రాయడం నేర్పింది నేనే కాబట్టి, తీరిక లేదని తప్పించుకోవడానికి వీల్లేదు.

మా లాండ్రీ సంగతి నీకు తెలుసుగా. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు అన్నీ మా దగ్గరికే వస్తాయి. ఊరందరి బట్టలూ ఎవరివి వాళ్లకి చేరుస్తాం గాని, మా ఒంటి మీద వేసుకునే తెల్ల కోట్లు ఎవరివి ఎవరివో తేల్చుకోలేం. నలభై ఒక్క మందికి నలభై ఒక్క కోట్లు. (నోరు తెరవకు, తొడుక్కునే కోట్లే.) పొడుగామె కోటు పొట్టామె వేసుకుపోవడం, పొట్టామె కోటులో పొడుగామె చేతులు మోచేతుల దాకా బయటికి రావడం, రోజూ పొద్దున్నే ఇదే గోల.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు దీన్ని నెత్తికెత్తుకున్నాడు. చేతిలో ఏదో ఒక జాబితా లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. జాబితా బాబు అంటాం. ఒక్కొక్కరికి ఒక్కో చిన్న బొమ్మ కుట్టిద్దామని నేను చెప్పాను. ఒకరికి ఆకు, ఒకరికి తాళంచెవి, ఒకరికి చేప. బొమ్మలు చిన్నపిల్లల బడిలో బాగుంటాయి, నంబరయితే ఒకరిది ఇంకొకరికి ఉండదు అన్నాడు. ప్రభుత్వం ఒక్కొక్కరికి ఇచ్చే గుర్తింపు నంబర్లు అందరివీ రాయించుకుని, పదకొండు అంకెలూ కాలరు మీద ఎర్ర దారంతో గొలుసు కుట్టు వేయించాడు. ఎంత పొందిగ్గా కుదిరాయో చూస్తే నువ్వే మెచ్చుకుంటావు.

ఒక్కామె మాత్రం అడ్డం తిరిగింది. ఇస్త్రీ బల్ల దగ్గర పని చేస్తుంది. ఎండయినా వానయినా గొడుగు లేకుండా గడప దాటదు, గొడుగమ్మ అంటాం. నోట్లో నాలుక లేని మనిషి, ఈ ఒక్క విషయంలో మాత్రం ససేమిరా అని కూర్చుంది. ఎందుకంటే చెప్పదు. నలభై కోట్లు వరసగా ఎర్రగా మెరుస్తుంటే, చివర కొక్కేనికి ఒక్కటి బోడిగా వేలాడుతోంది. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతోంది. నంబరేమన్నా నగా, మూట కట్టి దాచుకోవడానికి?

నువ్వు నంబర్ల రక్షణ కార్యాలయంలో పదేళ్లుగా ఉన్నావు కదా. ఇందులో తప్పేం లేదని నాలుగు ముక్కలు ముద్ర వేసిన కాగితం మీద రాసి పంపు. తీసుకెళ్లి ఆమె ముందు పెడతాను.

నీ ప్రాణం తినడానికే నీకంటే ముందు పుట్టిన
అక్క


ఫిబ్రవరి 11

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులోనే విప్పాను. చదవడం పూర్తయ్యేసరికి టీ చల్లారిపోయింది, నేను మాత్రం కాగిపోయాను. నువ్వడిగిన కాగితం పంపలేను. ఇందులో తప్పుంది. ఒకటి కాదు, పేర్చుకుంటూ పోతే మీ దుప్పట్ల దొంతరంత ఉంది.

ఒకరి గుర్తింపు నంబరు అడగాలంటే, అడగమని చట్టంలో ఉండాలి. లేదంటే ఆ నంబరు తప్ప ఇంకే దారీ లేనంత అవసరం ఉండాలి. జీతం లెక్క, పన్ను లెక్క ప్రభుత్వానికి పంపడానికి మీ లాండ్రీ వాళ్లు నంబరు తీసుకోవచ్చు. అంతటితో సరి. దాన్ని తీసుకొచ్చి కోటు గుర్తుకు వాడుకోకూడదు. ఒక పనికని తీసుకున్నది ఇంకో పనికి మళ్లించకూడదు. దారిన పోయేవాళ్లకి కనపడేలా అసలే పెట్టకూడదు. పైగా అడిగేవాడు ఏ చట్టం కింద అడుగుతున్నాడో, దేనికి అడుగుతున్నాడో, ఇవ్వకపోతే ఏమవుతుందో ముందే చెప్పాలి. మీ జాబితా బాబు ఈ మూడింటిలో ఒక్కటైనా చెప్పాడా?

ఆ నంబరుతో ఏం చేయొచ్చో తెలుసా అక్కా. క్లినిక్కుకి ఫోన్ చేసి పదకొండు అంకెలు చెబితే, అవతల కూర్చున్నవాళ్లు నువ్వే అనుకుంటారు. ఫోన్ కంపెనీ వాళ్లూ అంతే. తాళంచెవి బొమ్మ కుట్టిద్దామన్నావు చూడు, మీరు నిజంగా తాళంచెవులే కుట్టించి కొక్కేలకి వేలాడదీశారు.

నాకు అన్నిటికంటే మండుకొచ్చింది ఆ కుట్టినవాళ్ల మీద. వాళ్లెవరో గాని, బుర్ర ఇంట్లో పెట్టి సూది మాత్రం పట్టుకొచ్చినట్టున్నారు. నలభై మంది నంబర్లు చేతికిస్తే ఇదేమిటని ఒక్క ప్రశ్న వేయకుండా కూర్చుని కుట్టుకుంటూ పోయిన మనిషి ఎలాంటి మనిషి?

మా శాఖ కరపత్రం పంపుతున్నాను. అందులోని మాటలన్నీ నేను రాసినవే. అందరికీ చదివి వినిపించు.

నీ
సిరాబుడ్డి


ఫిబ్రవరి 15

నంబర్ల రక్షణ కార్యాలయం గుమాస్తా గారికి,

ఒరే అనే పిలుపు ఈ రోజు నీకు దక్కదు.

ఆ సూది పట్టుకొచ్చింది నేను. బుర్ర ఇంట్లో పెట్టి వచ్చిందీ నేనే. ఎలాంటి మనిషని అడిగావు కదా, చెబుతాను విను. నీకు ఆరేళ్లప్పుడు సిరాబుడ్డి ఒళ్లంతా ఒలకబోసుకుంటే, అమ్మకి తెలియకుండా చొక్కా ఉతికి, మరక పోని చోట ఆకు బొమ్మ కుట్టి ఇచ్చిన మనిషి. ఇరవై రెండేళ్లుగా తడిబట్టలు మోసీ మోసీ, చివరికి ఒకాయన నీ చెయ్యి మంచిది, కూర్చుని కుట్టమ్మా అంటే, కుర్చీ దొరికిందని మురిసిపోయిన మనిషి. ఒక్కో కాలరుకి ముప్పావు గంట పట్టింది. ఎనిమిదికి నడుము వంపు తిప్పడం ఎంత కష్టమో కలం పట్టేవాళ్లకి తెలియదు.

తరవాత నీకు చెప్పి సంతోషపెడదామని, ఎవరు కుట్టారో దాచి రాశాను. బాగా సంతోషపడ్డావు.

ఇంకో మాట కూడా తెలుసుకో. గొడుగమ్మ ఒప్పుకోకపోతే ఏం, జాబితా బాబు జీతాల ఫైలు తెరిచి ఆమె నంబరు కాగితం ముక్క మీద రాసి నా చేతిలో పెట్టాడు. నిన్న ఆమె సెలవు. కోటు కొక్కేనికే ఉంది. మధ్యాహ్నం కూర్చుని దాన్ని కూడా కుట్టేశాను. నీ ఉత్తరం అప్పటికే వచ్చింది, జేబులోనే ఉంది. నీ మీద కోపంతో అన్నిటికంటే దాన్నే బాగా కుట్టాను.

నీ కరపత్రం మడిచి నా కుర్చీ కాలి కింద పెట్టాను. ఇప్పుడు కుర్చీ ఊగడం లేదు.

ఇట్లు,
బుర్ర లేని మనిషి


ఫిబ్రవరి 20

అక్కా,

నేను గాడిదని. ఆ మాట నువ్వనకముందే నేనే అనేసుకుంటున్నాను. నీ చేతి కుట్టు సంగతి నాకు తెలియకపోవడమేమిటి? ఆ ఆకు బొమ్మ చొక్కా చిరిగిపోయినా, ఆకు ఉన్న ముక్క కత్తిరించి ఇప్పటికీ డ్రాయరులో దాచుకున్నాను. నన్ను ఎన్ని తిట్లయినా తిట్టు, తరవాత తీరిగ్గా తిట్టు.

ముందు ఆ గొడుగమ్మ కాలరు విప్పెయ్యి. మిగిలినవి తరవాత చూద్దాం. ఈ ఉత్తరం అందిన రోజే విప్పు. మనిషి నోరు తెరిచి వద్దన్నాక, ఆమె వెనక ఫైలు తెరిచి తీయడం మామూలు తప్పు కాదు. ఎందుకు వద్దందో మనకి చెప్పాల్సిన పని ఆమెకి లేదు. వద్దని అంత గట్టిగా అన్నదంటే కారణం చిన్నది కాదని నా భయం.

ఫిర్యాదు ఫారం కూడా ఇందులో పెడుతున్నాను. నువ్వే నింపి పంపు. నువ్వు నా అక్కవి కాబట్టి ఆ ఫైలు నేను ముట్టుకోకూడదు, పక్క బల్ల ఆయన చూస్తాడు. మంచివాడే. కాస్త రూలు మనిషి.

కరపత్రం కుర్చీ కింద ఉంటే ఉండనీ. ఈ ఉత్తరం మాత్రం అక్కడ పెట్టకు.

నీ తమ్ముడు


మార్చి 3

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇరవై మూడునే వచ్చింది. కవరు మీద నీ రాత చూసి, విప్పకుండా గూట్లో పడేశాను. ఆరు రోజులు అక్కడే ఉంది. ఈ ఆరు రోజుల్లోనే జరగాల్సిందంతా జరిగిపోయింది.

ఇరవై ఏడో తారీకున గొడుగమ్మ పనికి రాలేదు. మర్నాడూ రాలేదు. పనయ్యాక నేను వాళ్లింటికి వెళ్లాను. మూడో అంతస్తులో రెండు గదులు. తలుపుకి లోపలి నుంచి బల్ల అడ్డం పెట్టి ఉంది. నా గొంతు పోల్చుకున్నాక, బల్ల జరిపి తీసింది. ఆమె కూతురికి తొమ్మిదేళ్లుంటాయి, బూట్లు విప్పకుండానే మంచం మీద కూర్చుని ఉంది.

రెండేళ్ల కిందట మొగుడి చేతుల్లోంచి బయటపడి వచ్చిందట. తప్పించుకుని ఎక్కడ దాక్కున్నా, పాత నంబరు అతనికి కంఠతా వచ్చు కాబట్టి వెతుక్కుంటూ వచ్చేవాడు. ఆఖరికి ప్రభుత్వమే పాత నంబరు కొట్టేసి కొత్తది ఇచ్చింది. ఆ కొత్త నంబరు ఆమె కూతురికి కూడా చెప్పలేదు. దాన్నే నేను ఎర్ర దారంతో, అందరికీ కనపడేలా, అన్నిటికంటే బాగా కుట్టాను.

జాబితా బాబుకి జడిసి గొడుగమ్మ ఆ కుట్టు విప్పలేక, కాలరు లోపలికి మడిచి వేసుకునేది గాని, కోటు కొక్కేనికి తగిలిస్తే అంకెలు బయటపడేవి. మా కోట్ల కొక్కేలు వ్యాన్లు సరుకు దింపే తలుపు పక్కనే ఉంటాయి. తువ్వాళ్లు తెచ్చే డ్రైవరు ఒకడు పాత రోజుల్లో వాళ్ల వీధివాడే. ఆమెను పోల్చుకుని, కోటు ఫొటో తీసి, ఆ మొగుడికి పంపాడు. నేను నిలదీస్తే సిగ్గు కూడా పడలేదు. "కాలరు మీద అంత పెద్దగా రాసి పెడితే చదవకుండా ఎలా ఉంటాం?" అన్నాడు. చెంప పగలగొడదామని చెయ్యి లేచింది. ఆ కుట్టు నాదే కదా, ఏ మొహం పెట్టుకుని కొట్టను? చెయ్యి దించేశాను.

ఆ మొగుడు ఈ ఊరి క్లినిక్కుకి ఫోన్ చేసి, నంబరు చెప్పి, పాప మందుల చీటీ పోస్టులో పంపండి, ముందు అడ్రసు సరిగ్గా ఉందో లేదో చదవండి అన్నాడట. వాళ్లు చదివారు. సాయంత్రానికి గుమ్మంలో ఉన్నాడు. పక్కింటివాళ్లు పోగయ్యారు కాబట్టి సరిపోయింది, తల్లీపిల్లా వెనక మెట్ల మీంచి దిగిపోయారు. పోలీసులు వచ్చి వెళ్లాక, సామాను సర్దుకోవడానికి ఇద్దరూ మళ్లీ ఇంటికి వచ్చారు.

నన్ను తిట్టిపోస్తుందనుకున్నాను. కాళ్ల మీద పడబోయాను కూడా. ఆమె నన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టి, "మీరు కుట్టకపోతే ఇంకొకరు కుట్టేవారు. వద్దంటే వినేవాళ్లు లేనప్పుడు ఎవరు కుడితే ఏముందమ్మా" అంది. తమ్ముడూ, తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి నీ ఉత్తరం విప్పాను. అందిన రోజే విప్పు అని నువ్వు రాసిన చోటు మూడుసార్లు చదివాను.

ఆదివారం లాండ్రీ తాళాలు కాపలా ఆయన్ని బతిమాలి తీసుకుని, కిటికీ పక్కన ఎండలో కూర్చుని నలభై ఒక్క కాలర్లూ విప్పేశాను. విప్పాక ఏమైందో తెలుసా? దారం పోయింది గాని, సూది కన్నాలు ఉండిపోయాయి. వెలుతురుకి పట్టి చూస్తే పదకొండు అంకెలూ అలాగే చదువుకోవచ్చు. నా కుట్టు అంత దగ్గర దగ్గరగా ఉంటుంది మరి. ఆ కన్నాల మీదే రాత్రంతా కూర్చుని చిన్న చిన్న బొమ్మలు కుట్టాను. ఆకు, చేప, తాళంచెవి, ఏది తోస్తే అది. ఆఖరి కోటు మీద గొడుగు కుట్టాను. వేసుకునే మనిషి ఇక రాదని తెలిసే కుట్టాను.

ఫారం నింపి పోస్టులో వేశాను. గుర్తింపు నంబరు అని ఒక గడి ఉంది, అది వదిలేశాను. ఇంత జరిగాక ఆ అంకెలు రాయడానికి చెయ్యి రాలేదు.

అక్క


మార్చి 9

అక్కా,

ఏం రాయాలో తెలియడం లేదు. గొడుగమ్మగారు క్షేమంగా ఉన్నారంటే అదే పదివేలు. నువ్వు ఆరు రోజులు ఉత్తరం విప్పలేదని నిన్ను నువ్వు తినేసుకోకు. అసలు మొదటి ఉత్తరంలో నేను తిన్నగా మాట్లాడి ఉంటే నువ్వు ఆ నలభై ఒకటోది కుట్టేదానివే కాదు.

నీ ఫిర్యాదు చేరింది. పక్క బల్ల ఆయన నిన్ననే తిరిగి పంపేశాడట, నాకు తరవాత తెలిసింది. కంగారు పడకు. నంబరు గడి ఖాళీగా ఉన్న ఫారం తీసుకోకూడదని రూలు. నకిలీ ఫిర్యాదులు రాకుండా ఉండడానికి. మా దగ్గర నంబరు ఇనప్పెట్టెలో ఉన్నట్టే భద్రంగా ఉంటుంది, నా మాట నమ్ము. ఆ పదకొండు అంకెలు రాసి వెనక్కి పంపు, వారంలో ఇన్‌స్పెక్టరు మీ లాండ్రీ గుమ్మంలో ఉంటాడు. ఒక్క గడి కోసం ఇంత పని ఆపుకోవద్దు.

నీ
సిరాబుడ్డి


మార్చి 13

ఒరే,

నంబర్లు అడగకూడదని చెప్పే ఆఫీసుకి, నా నంబరు అడిగారు మొర్రో అని చెప్పుకోవడానికి, నా నంబరు ఇవ్వాలా? ఈ మాట నువ్వు కలం పట్టుకుని, కూర్చుని, కాగితం మీద రాశావా? నాకు నవ్వొచ్చింది ముందు. ఆ తరవాత వచ్చింది మాత్రం నవ్వు కాదు.

నీ కరపత్రం కుర్చీ కింద నుంచి తీసి దులిపాను. నువ్వు రాసిన మాటలే నిన్ను అడుగుతున్నాను. ఫిర్యాదు ఇచ్చేవాళ్లు నంబరు ఇవ్వాలని ఏ చట్టంలో ఉంది? నంబరు లేకపోతే నా ఫిర్యాదు నిజమో కాదో తెలుసుకోవడానికి ఇంకే దారీ లేదా, లాండ్రీకి వచ్చి కాలర్లు వెలుతురుకి పట్టి చూడలేరా? ఆ గడి దేనికో ఫారం మీద ఎక్కడైనా ఒక్క ముక్క రాశారా? మీ జాబితా బాబు చెప్పాడా అని నన్ను నిలదీశావు కదా, ఆయన నయం. నంబరయితే ఒకరిది ఇంకొకరికి ఉండదు అని కారణమైనా చెప్పాడు.

ఆయన సంగతికొస్తే, బొమ్మలు చూసి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. కుర్చీ లాగేసి నన్ను మళ్లీ తడిబట్టల గదికి పంపాడు. ఆ గదికి పోవడానికి నాకేం బాధ లేదు. నంబర్ల కాగితం మాత్రం ఇంకా ఆయన బల్ల మీద గాజు పలక కిందే ఉంది, వచ్చేపోయేవాళ్లందరికీ కనపడేలా. దాన్ని తీయించడానికే మీ ఆఫీసు గడప తొక్కాను.

అసలు విషయం ఇప్పుడు చెబుతున్నాను. నిలబడి చదువుతుంటే కూర్చో.

మొన్న గొడుగమ్మ నన్ను కలవమని కబురు పెట్టింది. ఎక్కడ ఉంటోందో నేను అడగలేదు, బస్టాండులో బెంచీ మీద కలుసుకున్నాం. నా ఫిర్యాదు తిరిగొచ్చిన సంగతి చెప్పి, నువ్వు కూడా ఒకటి ఇవ్వు, ఇద్దరివీ చూస్తే కదులుతారు అన్నాను. ఆమె సంచి లోంచి మడతలు చిరిగిన కాగితం ఒకటి తీసింది. రెండేళ్ల కిందటిది. అప్పుడు కూడా ఒక క్లినిక్కు వాళ్లే, నంబరు చెప్పినవాడికల్లా ఆమె అడ్రసు చదివి వినిపించారు. దాని మీద మీకే ఫిర్యాదు ఇచ్చింది. నా నంబరు వీధిన పడిందని చెప్పుకోవడానికి వచ్చి, మళ్లీ నంబరు ఎలా రాయను అని ఆ గడి వదిలేసింది. అసంపూర్ణం అని రాసి తిప్పి పంపారు.

కింద సంతకం ఉంది. చివరి అక్షరం తోక వెనక్కి లాగి, దాని కింద ఒక చుక్క పెట్టి ఉంది. ఆ తోకా ఆ చుక్కా నీకు నేర్పింది నేను. వంటగది బల్ల దగ్గర నీ చెయ్యి పట్టుకుని దిద్దించాను.

ఆమెకి నువ్వు నా తమ్ముడివని తెలియదు. చెప్పలేక, కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టేశాను. అప్పుడే ఆ క్లినిక్కు నోరు మీరు మూయించి ఉంటే, ఈ రోజు ఈ క్లినిక్కు వాళ్లు జంకేవాళ్లు కాదా? నేను కుట్టాను, ఒప్పుకుంటాను. నాకంటే రెండేళ్లు ముందు నువ్వు కుట్టావు.

గడి నింపను.

అక్క


మార్చి 24

అక్కా,

పది రోజులు నీకు జవాబు రాయలేకపోయాను. రాయాల్సింది తేలకపోవడం వల్ల కాదు, తేలినందువల్ల.

నీ ఉత్తరం చదివి పాత బీరువా తెరిచాను. ఆమె కాగితం నకలు దొరికింది. సంతకం నాదే. ఆ రోజు ఏం ఆలోచించి పెట్టానో గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఏమీ గుర్తు లేదు. ఆ రోజు అలాంటివి ఏడు పంపినట్టు పుస్తకంలో ఉంది.

తరవాత ఆ గడి ఎక్కడి నుంచి వచ్చిందో వెతికాను. చట్టంలో లేదు. నియమాల్లో లేదు. నకిలీ ఫిర్యాదుల కోసమని నీకు రాశాను చూడు, అది కూడా ఎక్కడా లేదు, అందరూ అనుకునే మాటే నేనూ అన్నాను. ఆఖరికి ఫారం మొదటి చిత్తుప్రతి దొరికింది. అది నేను గీసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫారం తయారు చేయమంటే, వాహనాల శాఖ వాళ్ల ఫారం ముందు పెట్టుకుని స్కేలుతో గీతలు గీశాను. వాళ్ల ఫారంలో ఆ గడి ఉంది, నా దాంట్లోకి వచ్చేసింది. రూలు అని నీకు చెప్పింది నా స్కేలు గీత అక్కా. పదేళ్లలో అదెందుకుందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ ఒక్క గడి కోసం తిప్పి పంపినవి రెండు వందల పదహారు. మళ్లీ వచ్చినవి పందొమ్మిది. మిగిలినవాళ్లు ఏమయ్యారో నాకు తెలియదు.

మా అధికారి దగ్గరికి వెళ్లాను. వచ్చే ఏడాది కొత్త ఫారాలు అచ్చు వేసేటప్పుడు చూద్దాం అన్నారు. నాకు ఎప్పుడూ రాని కోపం వచ్చింది. నీ పోలిక ఇన్నాళ్లకి బయటపడింది. ఆ గడి ఏ చట్టం కింద అడుగుతున్నామో రాసివ్వండి, నేను నోరు మూసుకుంటాను అన్నాను. ఆయన రాసివ్వలేదు. కిందికి వెళ్లి, జనం కూర్చునే హాల్లో పెట్టిన ఫారాల కట్టలన్నీ ముందేసుకుని, ఒక్కొక్క దాని మీద ఆ గడి సిరాతో కొట్టేయడం మొదలుపెట్టాను. ప్రభుత్వ కాగితాలు పాడు చేస్తున్నానని మెమో ఇస్తామన్నారు. ఇవ్వండి, అందులో నా నంబరు మాత్రం వేయకండి అన్నాను. మధ్యాహ్నానికి పక్క బల్ల ఆయన కూడా వచ్చి ఒక కట్ట తీసుకున్నాడు. మెమో ఇంకా రాలేదు.

నీ ఫిర్యాదు గడి ఖాళీగానే నమోదయింది. సోమవారం ఇన్‌స్పెక్టరు మీ దగ్గరికి వస్తాడు. క్లినిక్కుకి కూడా వెళతాడు.

ఒక్క సాయం చెయ్యి. గొడుగమ్మగారి ఇప్పటి అడ్రసు రాసి పంపు. ఆవిడ దగ్గరికి నేను స్వయంగా వెళ్లి క్షమాపణ అడగాలి. అంతవరకు నాకు అన్నం సయించదు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 10

ఒరే సిరాబుడ్డీ,

మళ్లీ ఒరే అయ్యావు, సంతోషించు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఎముకల గూడులా ఉన్నాడు గాని, నోరు తెరిస్తే లాండ్రీ మిషన్లన్నీ ఆగాయి. గాజు పలక కింద కాగితం తీయించి, నా కళ్ల ముందే చింపించాడు. జీతాల ఫైలు బీరువాలోకి పోయింది, తాళం జీతాలు చూసే ఆమె దగ్గర. కాలర్లు కిటికీకి పట్టి చూసి, ఏమీ కనపడటం లేదే అన్నాడు. కనపడకుండా కుట్టడం కూడా వచ్చు నాకు అన్నాను. జాబితా బాబు చేతులు మొదటిసారి ఖాళీగా చూశాం, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. నా కుర్చీ నాకు వెనక్కి వచ్చింది. క్లినిక్కు వాళ్లు ఫోనులో అడ్రసులు చదవడం మానేశారట, లిఖితపూర్వకంగా ఒప్పుకున్నారు.

ఇక నువ్వడిగిన సాయం. ఆమె అడ్రసు నీకెందుకురా? క్షమాపణ అడగడానికి అడ్రసు కావాలని ఏ చట్టంలో ఉంది? పది రోజులు కూర్చుని, బీరువాలు వెతికి, గడులు కొట్టేసి, ఆ సిరా చెయ్యి కడుక్కోకుండానే ఇంకో గడి గీశావు. నాకు తెలియదు, తెలిసినా రాయను.

మొన్న బస్టాండు బెంచీ మీద మళ్లీ కలిసినప్పుడు ఆమెకి అంతా చెప్పాను. ఆ సంతకం మా తమ్ముడిదమ్మా అని కూడా చెప్పేశాను. ఆమె గొడుగు పిడి అటూ ఇటూ తిప్పింది. తరవాత అడిగింది, ఆ గడి ఇప్పుడు లేదా అని. లేదు, కొట్టేశాడు అన్నాను. కూతురు అప్పుడే బూట్లు విప్పి బెంచీ మీద కాళ్లు చాపుకుంది, దాన్ని చూస్తూ ఆమె అంది:

"నాకు క్షమాపణ వద్దు. నా ఫిర్యాదు తీసుకోమనండి."

కొత్త ఫారం ఇస్తానన్నాను, వద్దంది. ఆ పాతదే తీసుకోవాలంది. నీ సంతకం నువ్వే కొట్టేసి, రెండేళ్ల కిందటి తారీకుతోనే నమోదు చేయాలట. అప్పటి క్లినిక్కు కూడా జవాబు చెప్పాలట. నువ్వు ఆమెకి రాయాల్సింది ఏదన్నా ఉంటే నా ఇంటికి రాయి, నేను చేరుస్తాను.

గొడుగు కుట్టిన కోటు ఆమెకి ఇచ్చాను. వేసుకుని చూసుకుంది, చేతులు కాస్త పొడుగు.

ఆమె ఇచ్చిన ఆ పాత కాగితం ఈ కవరులోనే పెడుతున్నాను. మడతల దగ్గర చిరిగింది, జాగ్రత్తగా విప్పు. గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. అలాగే తీసుకో.

అక్క